తంత్ర వర్క్‌షాపులు నడిపే సెక్స్ ఎడ్యుకేటర్‌గా బతుకుతెరువు ఉంటుందా? ఏం చదవాలి, ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: మల్లెతీగ

నమస్తే అండీ. వయసు 31, ఉండేది హైదరాబాద్. ఎమ్మే సైకాలజీ అయింది, 200 గంటల యోగా టీచర్ కోర్సు కూడా ఉంది. పెళ్లయినవాళ్లకీ, పెళ్లి కుదిరినవాళ్లకీ సెక్స్ గురించి తిన్నగా చెప్పే పనిలోకి రావాలని ఉంది. శ్వాస, కళ్లలోకి చూడటం, నెమ్మదైన స్పర్శ లాంటి ఆధునిక తంత్ర పద్ధతులతో నేర్పడం నాకు నచ్చింది. గోవాలో ఒక బడివాళ్లు 7 రోజుల్లో "సర్టిఫైడ్ తంత్ర ఫెసిలిటేటర్" చేసేస్తాం, ఫీజు లక్షన్నర అంటున్నారు.

ఆ కాగితానికి విలువ ఉందా? లేకపోతే ఏం చదవాలి? వర్క్‌షాపులో అసలు ఏం చేయిస్తారు, బట్టలు తీయడం లాంటివి ఉంటాయా? మన చట్టాలు ఒప్పుకుంటాయా? డబ్బు సంగతి కూడా ఎవరైనా లెక్క కట్టి చెబితే మేలు. ఇంట్లో మాత్రం తంత్రం అంటే నిమ్మకాయలు, ముగ్గులో బొమ్మలు. అది నేను చూసుకుంటాను.

జవాబు: నల్లమల

ముందు లక్షన్నర సంగతి. ఇప్పుడైతే కట్టకండి. తంత్ర ఫెసిలిటేటర్ అన్న బిరుదుకి మన దేశంలో గానీ అమెరికాలో గానీ ప్రభుత్వ గుర్తింపు అంటూ ఏదీ లేదు. ఎవరి బడి వాళ్లది, ఎవరి ముద్ర వాళ్లది. అయినా ఏడు రోజుల్లో నేర్చుకునేది వర్క్‌షాపులో కూర్చోవడం. నడపడం వేరే విద్య. విందుకి వెళ్లొచ్చినంత మాత్రాన వంట వచ్చినట్టు కాదు కదా.

వెళ్లాలనే ఉంటే డబ్బు కట్టేముందు ఆ బడివాళ్లని ఇవి అడగండి. నాచేత ఎన్ని గంటలు నడిపిస్తారు, అప్పుడు పక్కన కూర్చుని చూసి తప్పులు రాసిచ్చేదెవరు? టీచరుకీ విద్యార్థికీ మధ్య శారీరక సంబంధం గురించి నియమం రాసిపెట్టి ఉందా, కోర్సు అయ్యాక ఎన్ని నెలల దాకా వర్తిస్తుంది? పెద్ద టీచరు మీదే ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలి? దీనికి జవాబు ఆయన భార్యో, ముఖ్య శిష్యుడో అయితే అక్కడ ఫిర్యాదు వ్యవస్థ లేదన్నట్టే లెక్క. శరీర నిర్మాణం, గర్భనిరోధం, సుఖవ్యాధులు ఎన్ని గంటలు చెబుతారు? చాలాచోట్ల ఈ ఆఖరి ప్రశ్నకి నవ్వే సమాధానం.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2018లో థాయిలాండ్‌లోని కో ఫంగాన్ దీవిలో పేరున్న తంత్ర యోగా బడి మీద చాలామంది ఆడవాళ్లు లైంగిక దాడి ఆరోపణలతో బయటికొచ్చారు. "గురువుగారి స్పర్శే చికిత్స" అనే చోట "వద్దు" అన్న మాటని అహంకారం అంటారు, లేదా మనసులో అడ్డు అంటారు. ఆ రెండు మాటలు ఎక్కడ వినపడితే అక్కడి నుంచి సంచీ సర్దుకోవడమే.

ఇక చదువు. ఈ పనికి పునాది సెక్స్ ఎడ్యుకేషనే, తంత్రం దాని మీద అంతస్తు. అమెరికాలో 1967 నుంచి ఉన్న ఆసెక్ట్ అనే సంస్థ ఎడ్యుకేటర్లకి పెట్టిన కొలత చూస్తే పని సైజు అర్థమవుతుంది: డిగ్రీ, పని అనుభవం కాక మానవ లైంగికత మీద 90 గంటల చదువు, బోధన పద్ధతుల మీద 60 గంటలు, ఒక సీనియర్ పర్యవేక్షణలో 25 గంటలు, వీటికి తోడు సెక్సువల్ యాటిట్యూడ్ రీఅసెస్‌మెంట్. దాన్ని ముద్దుగా "సార్" అంటారు, మన సార్‌కీ దానికీ చుట్టరికం లేదు. రకరకాల లైంగిక జీవితాల మీద వీడియోలు, మాటలు ముందు పెట్టి, ఏది చూసినప్పుడు మీ మొహం మాడిందో మీకే తెలిసేలా చేస్తారు. మాడిన మొహంతో క్లాసు చెప్పలేం కాబట్టి అది తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ మీకు అక్కర్లేకపోవచ్చు, ఆ గంటల పద్దు మాత్రం పుస్తకంలో రాసుకుని అదే కొలతతో నింపుకుంటూ రండి. మన దగ్గర ఢిల్లీలో 1996లో మొదలైన తార్షి అనే సంస్థ, ఇంకా ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ రంగంలో పాతకాపులు. వాళ్ల శిక్షణలు ఎప్పుడున్నాయో కనుక్కోండి.

ఒక్క నమూనా మాత్రం ఇవాళే నేర్చుకోండి. 1976లో జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ప్లిసిట్. నాలుగు మెట్లు: "ఇలా అనిపించడం మామూలే" అని భరోసా ఇవ్వడం, కొంచెం సమాచారం ఇవ్వడం, ఫలానాది చేసి చూడండని సూచించడం, చివరిది లోతైన చికిత్స. ఎడ్యుకేటర్ పని మొదటి రెండు మెట్లూ, మూడోదాన్లో సగం. నాలుగోది మీది కాదు. కలయికలో నొప్పి అంటే గైనకాలజిస్టు, అంగస్తంభన తగ్గిందంటే ముందు షుగర్, బీపీ పరీక్ష. చక్రాలు తర్వాత చూసుకోవచ్చు.

తంత్రం అన్న మాట గురించి. మన వైపు శ్రీవిద్య, లలితా సహస్రనామం, సౌందర్యలహరి అన్నీ తంత్ర సంప్రదాయంలోవే, వాటిని చదివే ఇళ్లలో ఎవరూ దాన్ని సెక్స్ అనుకోరు. మద్యం, మాంసం లాంటి పంచమకారాల్లో మైథునం ఒకటి నిజమే, అది వామాచారం అనే తంత్ర శాఖలో దీక్ష ఉన్నవాళ్లకి చెప్పిన క్రతువు, దాంపత్య సలహా కాదు. వర్క్‌షాపుల్లో అమ్ముడుపోయేది వేరే. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్ 1913 నుంచి ఆర్థర్ అవలాన్ పేరుతో తంత్ర గ్రంథాలు ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1974లో పుణెలో మొదలైన రజనీష్ ఆశ్రమంలో పాశ్చాత్య గ్రూప్ థెరపీలు ధ్యానంతో కలిశాయి. అక్కడ నేర్చుకున్న మార్గో ఆనంద్ లాంటివాళ్లు 1980ల్లో దాన్ని జంటల కోర్సుగా యూరప్‌కీ అమెరికాకీ చేర్చారు. అంటే ఇది యాభై ఏళ్ల కలగూరగంప. కలగూరగంప అయితే తప్పేం లేదు, "ఐదువేల ఏళ్ల రహస్యం" అని పోస్టర్ మీద వేస్తేనే తప్పు. కామసూత్రాలు తంత్ర గ్రంథం కూడా కాదు, ఆ బొమ్మ వెయ్యకండి. వేస్తే అటు ఉపాసకులూ ఇటు చదువుకున్నవాళ్లూ ఇద్దరూ తిడతారు, ఇద్దరిదీ న్యాయమే.

జవాబు: ఆక్లాండ్ వీధి

వర్క్‌షాపులో ఏం జరుగుతుంది అన్న ముక్కకి నేను చెబుతాను. బట్టలు తీయడం అవసరం లేదు. కొత్తవాళ్లతో అయితే అసలు పెట్టకూడదు. మూడు గంటల మొదటి క్లాసు బట్టలతోనే, మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా స్పర్శతోనే నడపొచ్చు. అంతకన్నా ఎక్కువ పెడితే నేర్చుకోవడం తగ్గి కంగారు పెరుగుతుంది.

మనుషులు 12 నుంచి 14. ఇద్దరు నడిపేవాళ్లు, వీలైతే ఒక ఆడ, ఒక మగ. తలుపు దగ్గర ఒక సహాయకుడు. సంఖ్య సరి ఉండాలి, లేకపోతే సహాయకుడు జతగా కూర్చోవాలి, అప్పుడు తలుపు ఖాళీ. గది 500 నుంచి 600 చదరపు అడుగులు, కిటికీలకి తెర, హోటల్ బెడ్‌రూమ్ మాత్రం వద్దు. ఏసీ 26 దగ్గర పెట్టండి, కదలకుండా కూర్చునేవాళ్లకి 22 చలి. అగరుబత్తీ వెలిగించకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఒక్కరున్నా శ్వాస అభ్యాసం మధ్యలో దగ్గు పట్టుకుంటుంది. ఫోన్లు అన్నీ మూత ఉన్న డబ్బాలోకి, మీవి కూడా.

అందరికంటే ముందు జరగాల్సింది ఫోన్ కాల్. ఫారం నింపాక ఒక్కొక్కరితో 15 నిమిషాలు. మూర్ఛ, గుండె జబ్బు, గర్భం, కంటి రెటీనా సమస్య, ఇంతకుముందు సైకోసిస్ గానీ బైపోలార్ గానీ ఉన్నాయా అడగాలి. ఏం ఆశించి వస్తున్నారని అడగాలి. "అక్కడ అమ్మాయిలు ఎంతమంది వస్తారు?" అన్నది మొదటి ప్రశ్న అయితే సీటు నిండిందని చెప్పేయండి. జంటలో ఒకరే మాట్లాడి రెండోవారి ఫారం కూడా తామే నింపితే, రెండోవారితో విడిగా మాట్లాడందే తీసుకోకండి. ఒంటరి మగవాళ్ల అప్లికేషన్లే ఎక్కువ వస్తాయి కాబట్టి మొదట్లో జంటలకి మాత్రమే అని పెట్టడం నయం.

క్లాసు వరస ఇలా. మొదటి 20 నిమిషాలు నియమాలు. ఏ అభ్యాసమైనా మానేసి గోడకి ఆనుకుని కూర్చోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. నడిపేవాళ్లు పాల్గొనేవాళ్లని ముట్టుకోరు, ఏది చూపించాలన్నా నడిపే ఇద్దరూ ఒకరిమీద ఒకరు చూపిస్తారు.

తర్వాత "వద్దు" అభ్యాసం, 15 నిమిషాలు. అసలు క్లాసంతా దీని మీదే నిలబడుతుంది, తొందరపడకండి. ఇద్దరు ఎదురెదురుగా, మధ్యలో మూరెడు ఎడం. ఒకరు అడగాలి: "మీ చెయ్యి పట్టుకోనా?" రెండోవారు "వద్దు" అనాలి. అడిగినవారు "చెప్పినందుకు థాంక్స్" అనాలి. ఇలా పదిసార్లు, తర్వాత మార్పు. మొదటి మూడుసార్లు గదంతా నవ్వులే. ఐదోసారికి నవ్వు ఆగుతుంది. అప్పుడే మెడలు కొంచెం నిటారవుతాయి, గొంతులు కిందికి దిగుతాయి, అది గమనించి ఆగండి. మన తెలుగువాళ్లతో ఇంకో పని ఉంది. "వద్దు" అనమంటే "ఇప్పుడు వద్దులెండి", "మీ ఇష్టం", "పర్లేదు", "చూద్దాం" అంటారు. వీటన్నింటినీ బోర్డు మీద రాసి, ఒక్కోటి ఏ సందర్భంలో ఔను, ఏ సందర్భంలో కాదు అని వాళ్లచేతే చెప్పించండి. "మీ ఇష్టం" అనేది సగం ఇళ్లలో కాదనే మాట, సగం ఇళ్లలో అలిగిన మాట. అది సమ్మతి కాదని ఒప్పుకునే సరికే పది నిమిషాలు పడుతుంది.

తర్వాత చేతిని మేల్కొలపడం, 10 నిమిషాలు. కళ్లు మూసుకుని, మోచేయి దిండు మీద ఆనించి, అరచేతిలో ఒక చింతగింజ. దాన్ని ఏం చెయ్యాలని కాదు, దాని నునుపు, అంచు, వేడి ఎలా తెలుస్తున్నాయో చూడటమే. మోచేతికి ఆనుడు లేకపోతే భుజం నొప్పి మీదకి ధ్యాస పోతుంది, అందుకే దిండు. రెండు నిమిషాల తర్వాతే మనసు చేతిలోకి దిగుతుంది. ఆ రెండు నిమిషాలూ నోరు కట్టేసుకోలేక టీచర్లు కవిత్వం చెబుతారు, అక్కడ చెడుతుంది.

శ్వాస 8 నిమిషాలు: నాలుగు లెక్కల లోపలికి, ఆరు లెక్కల బయటికి, బిగబట్టడం లేదు. కళ్లలోకి చూడటం 4 నిమిషాలు, అంతే. రెండు కళ్లనీ ఒకేసారి చూడబోతే చూపు అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఎదుటివారి ఎడమ కన్ను ఒక్కదాన్నే చూడమనండి. కళ్లు మూసుకోవడానికి ఎప్పుడైనా అనుమతి ఉందని ముందే చెప్పండి. ఏడుపు వస్తే టిష్యూ పెట్టె జరపండి, వీపు నిమరకండి.

తర్వాత మూడు నిమిషాల ఆట, 50 నిమిషాలు. బెట్టీ మార్టిన్ అనే అమెరికన్ టీచరు నేర్పిన సమ్మతి చక్రానికి ఇదే ఆధారం. రెండే ప్రశ్నలు. "మూడు నిమిషాలు నేను నిన్ను ఎలా ముట్టుకోవాలని నీకుంది?" ఒకటి. "మూడు నిమిషాలు నన్ను నువ్వు ఎలా ముట్టుకోవాలనుకుంటున్నావు?" రెండోది. చేసేది ఎవరు, ఎవరి సంతోషం కోసం అన్న రెండు గీతలు గీస్తే నాలుగు గదులు వస్తాయి. చెయ్యి కదిపేది నేనే అయినా అది నీ కోసం కావచ్చు, నా కోసమూ కావచ్చు. ఈ తేడా ఒంటికి తెలిస్తే చాలు, జంటలకి పడకగదిలో సగం గొడవలు ఎక్కడివో తెలుస్తాయి. చెడే చోట్లు రెండు. మొదటి ప్రశ్నకి "నీకేది నచ్చితే అది" అంటారు. ఆట ఆపి మళ్లీ అడిగించండి, జవాబు వచ్చేదాకా గడియారం నొక్కకండి. రెండోది, మసాజ్ వచ్చినవాళ్లు ఏ ప్రశ్నకైనా మసాజే చేస్తారు. వాళ్లకి వేళ్లతో నొక్కకూడదని పరిమితి పెట్టండి.

ఆఖరి 20 నిమిషాలు నీళ్లు, అరటిపండు, మామూలు కబుర్లు. కళ్లలోకి చూడటం అవగానే బండెక్కి ట్రాఫిక్‌లోకి పంపకూడదు. రెండు రోజుల తర్వాత ఒక్క మెసేజ్, ఎలా ఉన్నారని.

ఇంకో మాట. వేగంగా, ఆపకుండా ఊపిరి తీయించే పద్ధతి చాలా తంత్ర కోర్సుల్లో ఉంటుంది. అందులో వేళ్లు తిమ్మిరెక్కి ముడుచుకుపోతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. దాన్ని కుండలిని లేచిందంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల కండరాలు పట్టేయడం అది. అలా జరిగితే కూర్చోబెట్టి, నెమ్మదిగా పొడవుగా ఊపిరి వదలమని చెబితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. కాగితం సంచిలో ఊదించకండి, అది గుండెపోటో ఉబ్బసమో అయితే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. ఛాతీలో నొప్పి అంటే 108. శిక్షణ లేకుండా ఆ అభ్యాసం జోలికి పోవద్దు.

జవాబు: కృష్ణలంక

చట్టం వైపు నుంచి. సెక్స్ గురించి పెద్దలకి చదువు చెప్పడం నేరం కాదు. అశ్లీల ప్రచురణల మీద పాత ఐపీసీ 292, ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 294. విజ్ఞానం, విద్య కోసం ప్రజాహితంగా చేసినదానికి అందులోనే మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67, 67ఏ. మొదటిసారికి 67 కింద మూడేళ్లు, 67ఏ కింద అయిదేళ్ల దాకా జైలు. వాటిలోనూ విద్యకి మినహాయింపు ఉంది, కానీ మినహాయింపు నిరూపించుకునేది కోర్టులో, అప్పటికి ఫోన్, లాప్‌టాప్ స్టేషన్‌లో ఉంటాయి. కాబట్టి ఫొటోలు, వీడియోలు వద్దు. గీసిన బొమ్మ, గుడ్డతో కుట్టిన నమూనా చాలు.

జనం పట్టించుకోని చట్టం ఇంకోటి ఉంది, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. లైంగిక శక్తిని పెంచే మందు అని ప్రకటన ఇవ్వడం నిషేధం. మ్యాజిక్ రెమెడీ అంటే అందులో తాయెత్తు, మంత్రం, కవచం కూడా వస్తాయి. కాబట్టి "ఈ మంత్రంతో సామర్థ్యం రెట్టింపు" లాంటి వాక్యం మీ పోస్టర్ మీద ఉంటే నేరుగా దానికిందకి పోతారు. నూనెలు, లేహ్యాలు పక్కన అమ్మకండి. పేరు వెనక "సెక్సాలజిస్ట్", "థెరపిస్ట్" అని తగిలించకండి. డాక్టరు కాకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 34 కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. "ఎడ్యుకేటర్" అన్న మాట నిజం, సురక్షితం కూడా.

డబ్బు తీసుకుని గదిలో ఒక్కరికి ఒంటిమీద చెయ్యి వేసే సెషన్లు పెట్టకండి. జననాంగాల స్పర్శ అయితే మాట్లాడే పనే లేదు, పోలీసులు దాన్ని 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కళ్లతోనే చూస్తారు. "ఇది ఆధ్యాత్మికం" అన్న వాదన అమెరికాలోనే నిలవలేదు. అరిజోనాలో ఫీనిక్స్ గాడెస్ టెంపుల్ మీద 2011లో దాడి జరిగింది, మతస్వేచ్ఛ వాదన పక్కకి పోయి 2016లో నిర్వాహకురాలికి నాలుగున్నరేళ్ల శిక్ష పడింది. జర్మనీలో 2017 నుంచి అలాంటి తంత్ర మసాజ్ చేసేవాళ్లు సెక్స్ వర్కర్లుగా రిజిస్టర్ కావాలి. అక్కడ అది చట్టబద్ధ వృత్తి, ఇక్కడ అలాంటి రిజిస్ట్రేషనే లేదు.

వయసు చూడండి, ఆధార్ గానీ లైసెన్స్ గానీ. 18 నిండనివాళ్లు గదిలో ఉండకూడదు. క్లాసులో ఎవరైనా ఒక పిల్లకో పిల్లాడికో లైంగిక హింస జరుగుతోందని చెబితే పోక్సో సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి చెప్పడం మీ బాధ్యత, చెప్పకపోవడమే నేరం. "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది" అని మాట ఇచ్చేటప్పుడే ఈ ఒక్క మినహాయింపు చెప్పెయ్యండి, తర్వాత చెబితే మోసం చేసినట్టుంటుంది.

డల్లాస్ వాళ్లు, న్యూజెర్సీ వాళ్లు పిలుస్తారు. విజిటర్ వీసా మీద వెళ్లి ఫీజు తీసుకుని వర్క్‌షాపు నడపడం కుదరదు, డబ్బు ఇండియా ఖాతాలో పడినా సరే.

జవాబు: పద్దుల పుస్తకం

లెక్క అడిగారు. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి. 14 సీట్లు పెడితే 11 నిండాయనుకోండి, తలకి 3,000. వచ్చింది 33,000. హాలు 7,000, తోటి ఫెసిలిటేటర్ 7,000, సహాయకుడు 2,000, పళ్లు, ప్రింట్లు, దిండు కవర్ల చాకలి కలిపి 1,500, ఆన్‌లైన్ పేమెంట్ గేట్‌వే కోత రెండు శాతం 660. మిగిలింది 14,840. ఫోన్ కాల్స్, సర్దడం, క్లాసు, తర్వాతి మెసేజీలు, పోస్టర్ పని కలిపితే 20 గంటలు దాటుతుంది. గంటకి ఏడొందల చిల్లర. నెలకి రెండు నడిపినా ముప్ఫై వేలు రాదు, పెళ్లిళ్ల సీజన్లో, పరీక్షల నెలలో హాలు ఖాళీ.

అందుకని తోటి ఫెసిలిటేటర్ జీతం కొయ్యాలనిపిస్తుంది, "సేవ" పేరుతో పాత విద్యార్థులని ఉచితంగా పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టుకోకండి. అమెరికాలో తంత్రానికి పక్కింటిదైన వన్‌టేస్ట్ అనే కంపెనీ వ్యవస్థాపకురాలు 2025 జూన్‌లో దోషిగా తేలింది సెక్స్ విషయంలో కాదు, బలవంతపు చాకిరీ కుట్ర కేసులో.

నిలబడేవాళ్లు వర్క్‌షాపు మీద ఒక్కదాని మీదే బతకరు. కాలేజీల్లో పునరుత్పత్తి ఆరోగ్యం క్లాసులు, పది మంది, అంతకు మించి ఉన్న కంపెనీల్లో 2013 చట్టం కింద లైంగిక వేధింపుల నివారణ శిక్షణ, పెళ్లికి ముందు జంటలకి ఆన్‌లైన్ గంటలు. మీ ఎమ్మే అక్కడ పనికొస్తుంది. "తంత్ర" అన్న మాట ఆ బిల్లుల మీద వెయ్యకండి, అకౌంట్స్ వాళ్లు పాస్ చెయ్యరు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ. అంత సులువుగా దాటదు లెండి.

ప్రశ్న కొనసాగింపు: మల్లెతీగ

అందరికీ దండాలు. గోవాకి ఫోన్ చేసి ఆ ప్రశ్నలన్నీ అడిగాను. ఫిర్యాదు ఎవరికి అంటే "మా దగ్గర అలాంటివి రావు" అన్నారు. వదిలేశాను. ఇంకో రెండు సందేహాలు. తెలుగులో ఆ అవయవాలకి ఏ మాటలు వాడాలి? చాలా తంత్ర కోర్సుల్లో వీర్యం నిలుపుకోవడం ముఖ్య పాఠం, అది చెప్పొచ్చా?

జవాబు: నల్లమల

మాటలకి ఒక పద్ధతి ఉంది. తలా అయిదు చీటీలు ఇచ్చి, తెలిసిన మాటలన్నీ పేరు లేకుండా రాసి డబ్బాలో వెయ్యమనండి. నాలుగు కుప్పలవుతాయి: తిట్లు, డాక్టరు ఇంగ్లీషు, పుస్తకం సంస్కృతం, పిల్లలతో వాడే ముద్దు మాటలు. పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడుకునే అయిదో కుప్ప దాదాపు ఖాళీ, ఉన్నా "అది", "కలవడం" దగ్గర ఆగిపోతుంది. ఆ ఖాళీని చూపించడమే సగం పాఠం. తర్వాత ఒక్కో అవయవానికి ఈ గదిలో వాడే మాట ఒకటి వాళ్లచేతే ఎంచించండి. యోని అంటే లోపలి మార్గం అని పుస్తకాల అర్థం, తంత్ర కోర్సుల్లో బయటి భాగాన్ని కూడా అదే అంటారు, ఆ తికమక తీర్చండి. క్లిటోరిస్‌కి భగశిశ్నం అన్న మాట ఉంది గానీ విన్నవాళ్లు తక్కువ. క్లిటోరిస్ అనే అనండి. బయటికి కనిపించేది దాని కొస మాత్రమేనని, మిగతాదంతా లోపల రెండు కాళ్లలా చీలి ఉంటుందని మెల్‌బోర్న్ సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో స్పష్టంగా చూపించారు. ఫ్రాన్స్‌లో 2016లో తయారైన 3డీ నమూనా ఉచితంగా దొరుకుతుంది, ఇక్కడి ప్రింటింగ్ షాపులో ఒకటి చేయించుకోండి. ఏ బొమ్మకన్నా అది చేతికిస్తే ఎక్కువ పని చేస్తుంది. తెలుగు వాక్యం ఎంత మామూలుగా ఉండొచ్చో చూడాలంటే విజయవాడ డాక్టర్ సమరం గారి ప్రశ్న జవాబులు చదవండి, ఎగతాళీ ఉండదు, మెలికలూ ఉండవు.

వీర్యం సంగతి జాగ్రత్త. ఒక చుక్క వీర్యానికి ఇన్ని చుక్కల రక్తం అన్న నమ్మకం మన దగ్గర మగవాళ్లని ఎంత కుంగదీస్తుందంటే, దానికి "ధాత్ సిండ్రోమ్" అని 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ పేరు పెట్టాల్సి వచ్చింది. నీరసం, నడుం నొప్పి, మూత్రంలో ధాతువు పోతోందన్న భయం, లేహ్యాల ఖర్చు. కాలిఫోర్నియాలో "ఆపుకుంటే శక్తి" అన్నది సరదా ప్రయోగం కావచ్చు. కర్నూల్లో అదే మాట ఆ భయానికి ముద్ర కొట్టినట్టవుతుంది. స్కలనం ఆలస్యం చేయడం నేర్పాలంటే ఆపి మళ్లీ మొదలెట్టే పద్ధతి చెప్పండి, అది హాయి కోసం అనండి, ఆరోగ్యం కోసం అనకండి. పోతే నష్టం లేదని అదే వాక్యంలో చెప్పండి.

మల్లెతీగ

అర్థమైంది. ముందు నా యోగా బ్యాచ్‌లో "వద్దు" అభ్యాసం ఒక్కటే పెట్టి చూస్తాను, వచ్చే ఆదివారం.

జవాబు: ఆక్లాండ్ వీధి

పెట్టండి, కానీ ఆదివారం పొద్దున్న చాప పరిచాక చెప్పకండి. శుక్రవారమే గ్రూపులో మెసేజ్ పెట్టండి: ఇలా ఒక 15 నిమిషాల అభ్యాసం ఉంది, ఎవరినీ ఎవరూ ముట్టుకోరు, రానివాళ్లు ఆ సమయానికి శవాసనంలో ఉండొచ్చు అని. మీరు వాళ్లకి టీచరు, ఎదురుగా నిలబడి అడిగితే ఎవరూ కాదనరు. జతలు కూడా మీరు వెయ్యకుండా వాళ్లనే చూసుకోమనండి.